ముప్పయ్యో తారీఖు దాకా

పద్నాలుగో తారీఖున మా చెల్లి ఆసుపత్రి మంచం మీద ఉంది. అదే పద్నాలుగో తారీఖున, మూడో నంబరు మిషన్ దగ్గర అంతా సవ్యంగా ఉందని రిజిస్టరులో దాని సంతకం కూడా ఉంది. పదిహేనుకీ పెట్టింది, పదహారుకీ పెట్టింది. ముప్పయ్యో తారీఖు దాకా పెట్టేసింది, కుడి చేత్తో. ఆ చేతికి నాలుగు వేళ్ళు పదకొండో తారీఖునే పోయాయి.

ఆ సంతకాలు దగ్గరుండి పెట్టించింది నేను. మిగతావాళ్ళని తిట్టడం మొదలుపెట్టేముందు ఆ మాట చెప్పెయ్యాలి. లేకపోతే నా నోరు నాకే రోతగా ఉంటుంది.

మాది అట్టపెట్టెల ఫ్యాక్టరీ. బూట్లకీ, బల్బులకీ, మందు సీసాలకీ పెట్టెలు చేస్తాం. నేను ఆఫీసు గదిలో కూర్చుని రిజిస్టర్లు రాస్తాను కాబట్టి అందరూ రిజిస్టరక్క అంటారు. షెడ్డులో ఆరు పంచింగ్ మిషన్లున్నాయి. ఒక్కోదానికి రెండు పెద్ద ఇనుప పలకలు, అవి పుస్తకంలా తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి. తెరుచుకున్నప్పుడు కోసిన అట్ట తీసి కొత్త అట్ట పెట్టాలి. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు అయిపోవాలి. చెయ్యి లోపలుండగా పలక మూసుకోబోతే ఆపడానికి అంచున ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని సేఫ్టీ బార్ అంటారు. మోచెయ్యి తగిలితే చాలు, మిషన్ టక్కున ఆగిపోవాలి.

మా దగ్గర ఆగదు. అట్ట కాస్త వంగి ఉన్నా కడ్డీకి తగిలి మిషన్ ఆగుతోందని, షిఫ్టులో ముప్పై నలభై సార్లు ఆగితే పెట్టెలెప్పటికవుతాయని, మేనేజరు మెకానిక్‌ని పిలిచి ఆరు కడ్డీలనీ బైండింగ్ వైరుతో వెనక్కి లాగి కట్టించాడు. ఇది మా చెల్లి పనిలో చేరకముందు మాట. తర్వాత షెడ్డుకి రంగులు వేయించారు. మిషన్లకి ఆకుపచ్చ రంగు కొట్టినవాళ్ళు వైరుని మాత్రం ఎందుకు వదలాలనుకున్నారో ఏమో, దాని మీదా రెండు చేతులు కొట్టి పోయారు.

ప్రభుత్వం రూలు ప్రకారం రోజూ పని మొదలుపెట్టేముందు ఆపరేటరు ఆ కడ్డీని నొక్కి చూసి, పనిచేస్తోందని రిజిస్టరులో సంతకం పెట్టాలి. మిషన్‌కో పేజీ, రోజుకో వరస. ఆ రూలు రాసినవాళ్ళని నేనేమీ అనను, బుర్ర ఉన్నవాళ్ళే రాశారు. దాన్ని మేం ఏం చేశామో చెప్తాను.

రోజూ ఆరుగురు ఆఫీసుకొచ్చి సంతకాలు పెట్టి వెళ్ళేసరికి పావుగంట పోతోందని మేనేజరు బాధ. "ఒకేసారి పెట్టించెయ్యమ్మా, రోజూ ఎందుకీ తంటా" అన్నాడు. అప్పట్నుంచి ప్రతినెలా ఒకటో తారీఖున నేను నెల మొత్తానికీ తారీఖులు వేసి, వరసవరసకీ 'సేఫ్టీ బార్ పనిచేయుచున్నది' అని గుండ్రటి అక్షరాలతో రాసి, టీ టైములో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నెల సంతకాలు పెట్టించేదాన్ని. వారపు సెలవులు మాత్రం జాగ్రత్తగా వదిలేసేదాన్ని. అబద్ధమైనా నీటుగా ఉండాలిగా. ఇంత శుభ్రమైన రిజిస్టరు ఎక్కడా చూడలేదని మేనేజరు నలుగురిలో మెచ్చుకుంటే పొంగిపోయిన మొద్దుని నేను.

ఈ నెల ఒకటిన మా చెల్లి సంతకాలు పెడుతూ మధ్యలో పెన్ను ఆపింది.

"ఏం రాసుందక్కా ఇందులో?" అంది.

"చదివేదేముంది, పెట్టెయ్. అవతల టీ చల్లారిపోతోంది" అన్నాను.

పెట్టేసింది. నాకూ దానికీ పదమూడేళ్ళ తేడా. అక్షరాలు నేర్పింది నేనే, సంతకం చివర తోక తిప్పడం నేర్పిందీ నేనే. నాలుగు నెలల కింద ఈ పనిలో పెట్టించింది కూడా నేనే.

పదకొండో తారీఖు పొద్దున నేను ఆఫీసులో ఉన్నాను. ఆరు మిషన్ల చప్పుడుకి అలవాటుపడ్డ చెవికి ఉన్నట్టుండి ఐదే వినిపించాయి. పరిగెత్తాను. చెల్లి చెయ్యి ఇరుక్కున్న పలకలు తెరవడానికి మెకానిక్‌కి రెండు నిమిషాలు పట్టిందట. ఆ రెండు నిమిషాల్లో అది అరవలేదని, మా అక్కని పిలవండి అని మాత్రం అందని పక్క మిషన్ ఆవిడ తర్వాత చెప్పింది. మేం ఆసుపత్రి గుమ్మంలో డాక్టరు కోసం చూస్తుండగానే ఇక్కడ మూడో నంబరు మిషన్ కడిగేశారు. సాయంత్రం షిఫ్టుకి ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టి నడిపారు. వైరు విప్పలేదు.

మేనేజరుకి షెడ్డులో చల్లనయ్య అని పేరు. ఎవరు ఏ కష్టం చెప్పుకోబోయినా "చల్లగా ఆలోచిద్దాం" అంటాడు. ఆలోచించడం పూర్తయ్యేసరికి మన కష్టం మన దగ్గరే ఉంటుంది, ఆయన మాత్రం ఇంటికి వెళ్ళిపోయి ఉంటాడు. పదమూడో తారీఖున నన్ను గదిలోకి పిలిచి, కుర్చీ లాగి మరీ కూర్చోబెట్టాడు. బల్ల మీద కొత్త రిజిస్టరు ఒకటి పెట్టాడు.

"రేపు ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారమ్మా. ఈ నెల పేజీలు ఇవాళ్టి దాకా ఇందులోకి ఎక్కించు. మిగతా ఐదుగురి చేత మళ్ళీ పెట్టించుకో. మూడో మిషన్ పేజీ మాత్రం పదకొండు దాకానే ఉండాలి. పాత పుస్తకం అట్టల చెత్తలో వేసెయ్, సాయంత్రం కట్టలు కట్టేటప్పుడు అందులో కలిసిపోతుంది."

"మా చెల్లి సంతకాలో?"

"నీకు రావా ఏంటి? ఇంట్లో మనిషివి."

నేను ఆయన మొహంలోకి చూశాను. సిగ్గు అనేది ఎక్కడన్నా కనిపిస్తుందేమోనని. ఎక్కడా లేదు. పేపర్‌వెయిట్ తిప్పుకుంటూ, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"చూడు. పదకొండు దాకా బార్ బాగుందని తనే రోజూ సంతకం పెట్టింది. మరి బార్ కట్టిందెవరు? పని త్వరగా అవ్వాలని తనే కట్టుకుని ఉంటుంది. చిన్నపిల్ల, తెలీక చేసింది. మనమేం తప్పు పట్టట్లేదు. రిపోర్టులో ఆ ఒక్క ముక్క పడితే గొడవ ఉండదు. తనని ప్యాకింగ్‌లో కూర్చోబెడదాం, ఒంటిచేత్తో స్టిక్కర్లు అంటించుకుంటుంది."

"కట్టింది మెకానిక్. కట్టించింది మీరు."

"చల్లగా ఆలోచించమ్మా. పదకొండో తారీఖున బార్ పనిచేస్తోందని రాసిన చెయ్యి ఎవరిది? నాదా? నీ చెల్లెలి వేళ్ళకి ముందు జవాబు చెప్పాల్సింది నువ్వే. నేను నీ గురించే ఆలోచిస్తున్నాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన చెప్పినదాంట్లో ముందు జవాబు చెప్పాల్సింది నేనేనన్న ముక్క నిజం. అందుకే ఎక్కువ మండింది. నిజాన్ని కూడా దొంగసొత్తులా జేబులో పెట్టుకుని తిరిగే మనిషితో ఏం మాట్లాడతాం?

తలూపాను. అవును, ఊపాను. రెండు పుస్తకాలూ పట్టుకుని స్టోరు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఒక అట్టముక్క తీసుకుని దాని మీద మా చెల్లి సంతకం పెట్టి చూశాను. ఐదోసారికి తోకతో సహా అచ్చం దానిదే వచ్చింది. ఆ ముక్కని చింపాను, చింపినవాటిని మళ్ళీ చింపాను. కొత్త రిజిస్టరుని గమ్ డబ్బాల వెనక్కి తోసేసి, పాతదాన్ని అన్నం సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం ఆసుపత్రికి బయల్దేరాను. ఏం చెయ్యాలో అప్పటికింకా తేల్చుకోలేదు. నా ఉద్యోగం పోతుంది, నా మీద కేసు పడినా పడుతుంది అని దారంతా నా గోలే నాకు.

చెల్లి దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులా దాన్నే చూస్తోంది.

"నేనే కట్టుకున్నానంటున్నారట కదా" అంది. "మెకానిక్ వచ్చి చెప్పాడు. చెప్పి ఏడ్చాడు. ఏడుపు దేనికో, వెళ్ళి ఆ వైరు విప్పొచ్చుగా."

"వాడికీ పిల్లలున్నారు."

"ఉంటారు, ఎవరికి లేరు? నేను ఆ వైరు ముట్టుకోను కూడా లేదక్కా. అసలది వైరని నాకు తెలీదు. మిషన్‌లో ముక్కే అనుకున్నా, అదే రంగు ఉంది కదా." తలెత్తి అడిగింది. "ఇప్పుడు నా మిషన్ మీద ఎవరు కూర్చున్నారు?"

చెప్పాను. స్టిక్కర్లు అంటించే అమ్మాయి, చేరి రెండు వారాలు.

"దానికి అట్ట పెట్టడం కూడా సరిగ్గా రాదు" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. "నా తప్పని రాస్తే వైరు అలాగే ఉంటుంది, తెలుసా నీకు? నా వేళ్ళు ఎలాగూ రావు. కానీ నేను చెయ్యని తప్పు నా పేరు మీద ఉండకూడదు. నువ్వు రేపు అక్కడే ఉంటావుగా. చెప్తావుగా?"

సంచి నా ఒళ్ళోనే ఉంది. అందులో అన్నం డబ్బా పక్కన రిజిస్టరు ఉంది. నేను నీళ్ళు నమిలాను. చెప్తాలే, ముందు నువ్వు తిను అన్నాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు పది గంటలకొచ్చాడు. యాభై దాటిన మనిషి, చంకలో ఫైలు, చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. ఆరు నెలల కింద కూడా ఈయనే వచ్చాడు. అప్పుడు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు, ఫ్యాను అటు తిప్పారు, టీ వచ్చింది. చల్లనయ్య మా చెల్లి గురించి ఎంత బాధపడుతూ చెప్పాడంటే, తెలియనివాళ్ళు ఆయన కూతురే అనుకుంటారు. నోట్లో నాలుక లేని పిల్లట. పనంటే ప్రాణమట. ఆ తొందరలోనే బార్ కట్టేసుకుందట.

"రిజిస్టరు తెప్పించండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నేను సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను.

"అది కాదమ్మా, కొత్తది" అన్నాడు చల్లనయ్య. అని నాలుక్కరుచుకున్నాడు.

"కొత్తదేమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నేను మూడో మిషన్ పేజీ తెరిచి ఆయన వైపు తిప్పాను. భయం వల్లేనేమో మరి, గొంతు గట్టిగా వచ్చింది.

"ఇవాళ తారీఖెంత సార్?"

"పద్నాలుగు."

"పద్నాలుగో తారీఖు వరసలో ఉన్న సంతకం మా చెల్లిది. రేపటిదీ దానిదే. వేళ్ళు పోయిన రోజుదీ దానిదే, రాబోయే ముప్పైదీ దానిదే. ఏ చేత్తో పెట్టిందో మేనేజరు గారిని అడగండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని వేలితో ఒక్కో వరసా తడుముకుంటూ కిందికి వచ్చాడు. చల్లనయ్య మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. అయినా నోరు మాత్రం ఊరుకోలేదు.

"పొరపాటు సార్. ఈవిడే రాసింది, రాతంతా ఈవిడదే. కావాలంటే అడగండి."

"నేనే రాశాను" అన్నాను. "ఒకటో తారీఖున కూర్చుని నెల మొత్తం రాశాను. ఆరు మిషన్లకీ రాశాను. ఏం రాసుందని అది అడిగితే చదవనివ్వకుండా పెట్టించాను. నన్నేం చేస్తారో చెయ్యండి. కానీ వైరు మా చెల్లి కట్టలేదు."

"ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నారిలా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతులో అధికారం వచ్చింది. దొంగ దొరికాడన్న ఉత్సాహం కూడా కాస్త వచ్చింది. అప్పుడు నాకు రెండో మంట లేచింది. మూడు రోజుల నుంచి చల్లనయ్య మీద తప్ప ఇంకెవరి మీదా కోప్పడాలని తోచలేదు నాకు. ఆ గొంతు వినగానే తోచింది.

పేజీలు వెనక్కి తిప్పాను. ఆరు నెలల కిందటి పేజీ దగ్గర ఆపాను.

"ఆ నెల తొమ్మిదో తారీఖున మీరొచ్చారు సార్. 'తనిఖీ చేశాను, తృప్తికరం' అని మీరే రాశారు. ఎక్కడ రాశారో చూడండి. తొమ్మిదో వరస కింద రాయలేదు, పక్కన మార్జిన్‌లో నిలువుగా ఇరికించి రాశారు. ఎందుకంటే కింద ఖాళీ లేదు. ముప్పై దాకా నిండిపోయి ఉంది. తొమ్మిదో తారీఖున ముప్పయ్యో తారీఖు సంతకం మీ కళ్ళ ముందుంది. మీ ముద్ర దాని పక్కనే ఉంది."

ఆయన ఆ మార్జిన్ వంక చూశాడు. టీ గ్లాసు పక్కకి జరిపాడు. రిజిస్టరు మూయబోతే నేను పేజీ మీద చెయ్యి పెట్టాను. పెద్దవాళ్ళ ముందు అలా చెయ్యి పెట్టడం నా జన్మలో అదే మొదటిసారి.

"షెడ్డులోకి వెళ్దాం పదండి" అన్నాడు చివరికి.

ఆఫీసు గుమ్మం నుంచి షెడ్డు పాతిక అడుగులు ఉంటుంది. ఆ పాతిక అడుగులూ నడుస్తూ ఆయన నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "నా కింద నాలుగొందల ఫ్యాక్టరీలున్నాయమ్మా. నేనొక్కణ్ణే. ఎన్నని చూడను?"

"నాలుగొందలూ చూడమనలేదు సార్. వచ్చినదాన్ని చూడమంటున్నాను."

మూడో మిషన్ మీద ఆ స్టిక్కర్ల అమ్మాయి ఉంది. పలక తెరుచుకున్నప్పుడల్లా భుజాలు బిగబట్టి చెయ్యి లోపలికి పెడుతోంది. ఇన్‌స్పెక్టరు మిషన్ ఆపమన్నాడు. వంగి కడ్డీని చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి వైరు మీద గీకాడు. ఆకుపచ్చ పెచ్చు లేచింది. కింద తుప్పు పట్టిన వైరు బయటపడింది.

"ఈ రంగు ఎప్పుడేశారు?"

చల్లనయ్య పైకప్పు వంక చూశాడు. నేను చెప్పాను. "మీరు వచ్చేముందు వారం, మీకోసమే వేయించారు. మా చెల్లి చేరింది ఆ తర్వాత రెండు నెలలకి."

ఆయన మిగతా ఐదు మిషన్ల దగ్గరికీ వెళ్ళి గీకి చూశాడు. ఆరూ ఆపమన్నాడు. షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. మెకానిక్ తనంతట తనే కటింగ్ ప్లేయరు తెచ్చి, మేనేజరు వంక చూడకుండా మొదటి వైరు తెంపబోయాడు. "ఉండు, ముందు ఫొటో తియ్యనీ" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ ఒక్క తెలివైనా ఉన్నందుకు సంతోషించాను.

సాయంత్రం నాలుగింటికి బాధితురాలి వాంగ్మూలం కోసం ఆయనే ఆసుపత్రికి వచ్చాడు. ఆయన బయట డాక్టరుతో మాట్లాడుతున్నంతసేపట్లో నేను చెల్లికి జరిగిందంతా చెప్పేశాను. కొత్త రిజిస్టరు సంగతి చెప్పాను. అట్టముక్క మీద దాని సంతకం పెట్టి చూసుకున్న సంగతీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, గోడ వైపు తిరిగిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇన్‌స్పెక్టరు స్టూలు మీద కూర్చుని, అడిగి, రెండు కాగితాలు రాశాడు. రాసి, అట్టకి బిగించి చెల్లి ముందు పెట్టి, ఇంకు ప్యాడ్ తెరిచాడు.

"ఎడమ బొటనవేలు వెయ్యమ్మా. ఇక్కడ."

చెల్లి వెయ్యలేదు. కాగితం నా చేతికిచ్చింది.

"చదువక్కా. మొత్తం."

చదివాను. కడ్డీని మేనేజరు కట్టించాడని, వైరు మీద పాత రంగు ఉందని, కార్మికురాలి తప్పేమీ లేదని చదివాను. ఆ ముక్క దగ్గర అది కళ్ళు మూసుకుంది. తర్వాత వరస దగ్గర ఆగాను.

"ఆపావేం?" అంది.

"'రిజిస్టరు రాసే ఉద్యోగిని, బాధితురాలి స్వంత అక్క, నెల మొత్తానికీ ముందుగానే అబద్ధపు వివరాలు రాసి, చదవనివ్వకుండా బాధితురాలి చేత సంతకాలు చేయించినది.'"

అది నా మొహం వంకే చూస్తోంది. చిన్నప్పుడు అక్షరాలు దిద్దించేటప్పుడు నేను దాన్ని అలాగే చూసేదాన్ని, తప్పు రాస్తుందేమోనని.

"ఇంకా?"

"అంతే. అయిపోయింది."

"ఈయన సంగతి లేదే" అంది.

ఇన్‌స్పెక్టరు ప్యాడ్ మూత మీద వేళ్ళు పెట్టి కూర్చున్నాడు. పక్క మంచం మీద ముసలావిడ దగ్గుతోంది. చెల్లి ఎడమచెయ్యి దుప్పటి కింద పెట్టేసుకుంది. ఎంతసేపైనా కూర్చోగలను, నాకేం పనుంది అన్నట్టుగా.

ఆయన కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు. చివర ఒక వరస రాసి ఇచ్చాడు. నేను చదివాను. 'ఆరు నెలల క్రితం తనిఖీకి వచ్చిన అధికారి యంత్రాల వద్దకు వెళ్ళకుండానే తృప్తికరమని వ్రాసినారు. ఆ అధికారిని నేనే.'

చెల్లి దుప్పటి కింద నుంచి చెయ్యి తీసింది.

"తారీఖేం వేశారు?"

"ఇవాళ్టిదే" అన్నాను.

"రేపటిదేమీ లేదుగా?"

లేదన్నాను. అది నా వంక చూడకుండానే వేలు ఇంకులో అద్ది, కాగితం మీద నొక్కింది.